తరుగు

ఎనుమాముల యార్డుల నేను దడువాయిని.
పొద్దంత మిరప బస్తాలు కాంటాకెక్కుతయి.
గోనెకింత, తేమకింత, తాలుకింత అని
తరుగు తీసి చీటీ రాస్త.
రైతు నా మొఖం దిక్కు చూస్తడు,
నేను ఎర్ర అంకెల దిక్కు చూస్త.

ఇంటికొస్తే
పది మిల్లీగ్రాముల గోలి.
నాలుగు తుంటలు చెయ్యాలె.
బ్లేడు కింద అది ఎన్నడూ సక్కగ ఇరగదు,
ఒకటి పప్పుబద్దంత, ఒకటి నూకంత,
మిగిలింది కాగితం మీద పొడి.
ఆ పొడి కూడ నా బిడ్డదే.
తడి వేలికద్ది నాలుక మీద రాస్త.

పుట్టిన పన్నెండో దినం మొదలైంది కక్కుడు.
దిష్టి తీస్తనని మా అమ్మ
గుప్పెట్ల ఉప్పు పట్టుకొని ఎంజీఎం దాక వచ్చింది.
"ఒంట్ల ఉప్పు నిలుస్తలేదు" అన్నది డాక్టరమ్మ.
కిడ్నీల మీద టోపీల లెక్క రెండు గ్రంథులుంటయట,
వాటి పని ఇగ గోలీలే చెయ్యాల్నట.
పాలల్ల ఇంత ఉప్పు కలపమన్నది, లెక్క తోని.
మా అమ్మ గుప్పిట ఇప్పి
చానాసేపు దాన్నే చూసింది.

పొద్దుగాల ఆరింటికి, బడిల రెండింటికి,
రాత్రి పదింటికి నిద్రల కూసోబెట్టి.
ఏడేండ్లు. గడియారం మా ఇంట్ల
ఇంకో ముసలవ్వ, ఊకె దగ్గుతనే ఉంటది.

మూడు నెలలకోసారి హనుమకొండల రక్తం.
గోలి ఇయ్యకముందు, పరిగడుపున.
"ఏ చెయ్యి, సంహితమ్మా?" అంటడు ల్యాబు యాకూబ్.
ఎడమది చాపుతది. కుడిది బొమ్మలకట.
ఆ సీసా ఐసు డబ్బాల హైదరాబాదు పోతది,
మూడో దినం ఫోన్ల అంకై తిరిగొస్తది.
ఎక్కువుంటే గోలి చాలలేదు,
మరీ తక్కువుంటే గోలి మించింది.
నడుమ ఒక సన్న సందు.
అండ్లనే మేము ముగ్గురం పంటున్నం.

పోయిన యేడు ఎడమ చేతికి ఎక్స్‌రే తీసిన్రు.
బిడ్డకు ఏడు, ఎముకలకు తొమ్మిదన్నరు.
ముందుగాల పెరిగి ముందుగాల ఆగిపోతదట.
ఆ రెండేండ్లు యాడ పడగొట్టుకున్ననో,
ఏ రాత్రి నాకు కునుకు పట్టిందో,
ఏ తుంట చిన్నగ ఇరిగిందో.

శ్రావణంల జ్వరమొచ్చింది.
బీరువా తలుపుకు అతికిచ్చిన కాగితం:
జ్వరమొస్తే మూడింతలు.
ఇచ్చినం, కక్కింది. మల్ల ఇచ్చినం, మల్ల కక్కింది.
స్టీలు డబ్బాల సూది ఉంది.
బస్తాలు మోసిన నా చేతులు వణికినయి.
కోడిని కోస్తే అవతలికి పొయ్యే పుష్పలీల
దోమతెర పక్కకు నూకి
బిడ్డ తొడల సూది దించింది,
"ఆటో తే" అన్నది, నా దిక్కు చూడకుంటనే.

ఇయ్యాల పొద్దుగాల బ్లేడు గుంజుకున్నది.
"నేనే కోస్త నాయినా."
నాలుక బయటపెట్టి, ఒక కన్ను మూసి కోసింది.
నాకన్న నయంగనే వచ్చింది.
కాగితం మడతపెట్టి పొడి నోట్లె వంపుకొని
"ఏం పోలే" అన్నది.

యార్డుల పరకాల దిక్కు రైతొకాయన,
పదకొండు బస్తాలు.
తరుగు రాసే కాడ పెన్ను ఆగింది.
ఎనక ఎవరో తిట్టిన్రు, లైను పెద్దగుంది.
రాసిన.