నీళ్లు నమిలిన గోడ

మా ఊరి కళాసంఘానికి గ్యాలరీ అంటే
ఒకప్పటి ఉన్ని గోదాము.
వాన పట్టిన రోజు తలుపు తీస్తే
ఇప్పటికీ గొర్రెల వాసన.
ఏడాదికి పది పౌండ్లు సభ్యత్వం.
టీకి విడిగా డబ్బా ఉంది,
అందులో ఎక్కువగా బొత్తాలే పడతాయి.

ఉత్తర వేల్స్ కొండల నడుమ ఊరు.
పలకరాయి తవ్వి, ఎవరెవరి ఇళ్లకో కప్పులు పంపి
మా కప్పు మాత్రం కారనిచ్చుకున్న వాళ్లం.

నేను బొమ్మలు వేయను. మేకులు కొడతాను.
పొద్దున రొట్టెల వ్యాను, మధ్యాహ్నం సుత్తి.
ఎవరి కొండ పక్కన ఎవరి కొండ ఉండాలో
ఎవరి పూలకుండీ కింద ఎవరి కుక్క నిద్రపోవాలో
తేల్చేది కమిటీ,
రాత్రికి రాత్రి మార్చేది నేను.
మైరిగ్ పిల్లినీ ఇడ్వల్ పిచ్చుకల్నీ
ఒకే గోడకు వేయకూడదని
ఏ కమిటీకి తెలుస్తుంది!

తూర్పు గోడ సంగతి వేరు.
కిటికీ పక్కనుంచి దిగిన చెమ్మ
పదకొండు శీతాకాలాలుగా అక్కడే కాపురం.
సున్నం వేస్తే నెల తిరక్కుండా తినేస్తుంది.
అంచులు గోధుమరంగు, నడుమ పాచిరంగు,
మనిషి రెండు చేతులూ చాచినంత వెడల్పు.

దాన్ని కప్పగలిగే బొమ్మ
ఊరు మొత్తమ్మీద ఒక్కతే వేస్తుంది.
ఎలినెడ్.
బడి వంటగదిలో ముప్పై ఏళ్లు
గంగాళాలకు అలవాటుపడిన చెయ్యి,
చిన్న కాన్వాసు మీద ఆడదంటుంది.
ఏటా సముద్రమే. ఏటా ఆరడుగులే.
దువ్వెన పెట్టి దువ్వినట్టుండే అలలు.
ఏటా ఎంపిక జాబితాలో మొదటి పేరు ఆమెదే.

ఓసారి నా నిచ్చెన పట్టుకుని అడిగింది:
"నిజం చెప్పు గ్విలిమ్, బాగుంటాయా నా సముద్రాలు?"
నోట్లో మేకులున్నాయి కాబట్టి సరిపోయింది.
నీళ్లు నమిలాను.

ఈ ఏడు, ప్రదర్శన మూడోరోజు,
బస్సు తప్పిపోయి లోపలికొచ్చిన పళ్ల డాక్టరొకాయన
సముద్రం ముందు గంటసేపు నిలబడి
కొనేశాడు.
ఎర్రచుక్కలు వాడక ఎన్నేళ్లయిందో,
జిగురు ఎండిపోయింది,
కోశాధికారి ఉమ్మి తడిచేసి అంటించింది.
"ఇప్పుడే పట్టుకెళ్తాను" అన్నాడాయన.
ముగింపు రోజుదాకా ఆగాలని రూలు.
రూలు పుస్తకం సొరుగులోకి వెళ్లిపోయింది.

ముందు నాకు కదా ఫోన్ చేయాల్సింది!
నేను చేరేసరికి
ఒక కొస ఎలినెడ్, ఇంకో కొస డాక్టరు,
సముద్రం గోడ దిగింది.

వెనకాల చెమ్మ.
ఫ్రేము జాడకు అంగుళం లోపలే అంచులన్నీ,
దర్జీ కొలతలు తీసినట్టు.

కార్యదర్శి కళ్లద్దాలు తుడుచుకుంది,
మళ్లీ తుడుచుకుంది.
ఎలినెడ్ దగ్గరికెళ్లి వేలితో తాకి
వేలు వాసన చూసుకుంది,
సూపు పాడయిందో లేదో తేల్చే మనిషిలా.
పెదాలు కదిలాయి.
ఏళ్లు లెక్కపెట్టుకుందేమో.

"పెన్సిలివ్వు" అంది.
కార్డు మీద తన పేరు కొట్టేసి రాసింది,
ఊరి పద్ధతి ప్రకారం
వెల్ష్ పైన, ఇంగ్లీషు కింద:
వాన.
సున్నపు గోడ మీద నీరు.
అమ్మకానికి కాదు.

మిగిలిన రెండు వారాలూ అలాగే ఉంచాం.
బడిపిల్లలు దాని ముందే ఎక్కువసేపు ఆగారు.
ఒకడికి కొమ్ము విరిగిన ఎద్దు కనిపించింది,
ఒక పిల్లకి వాళ్ల తాత పనిచేసిన గని.
కప్పు బాగుచేయించాలన్న తీర్మానానికి
కమిటీలో ఇద్దరు అడ్డం తిరిగారు.

ఎలినెడ్ ఇక నాతో మాట్లాడదనుకున్నాను.
నిన్న రొట్టెకి చిల్లర లెక్కపెడుతూ ఆగింది.
"వచ్చే ఏడు చిన్నది వేస్తా.
ఇంతే." అరచెయ్యి చూపించింది.
"అప్పుడు చూస్తాను, తీసుకుంటారో లేదో."

వ్యాను వెనక్కెళ్లి డబ్బా మూత తీశాను.
ఉన్నవన్నీ పెద్ద మేకులే.