నిలువు కోత

గురువారం ఎరాస్మో వచ్చాడని
ముందు చెప్పేది గొడుగు.
వానున్నా లేకున్నా దాన్ని కౌంటరు అంచుకు తగిలించి
మూడో స్టూలు మీద, కిటికీకి వీపు పెట్టి కూచుంటాడు.
వల్‌పరాయిసోలో సముద్రం కనిపించే చోట
అటు తిరగకుండా తినే మనిషిని
ఇంకొకణ్ని చూళ్ళేదు నేను.

"చకరేరో ఒకటి" అంటాడు,
పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాయిస్తున్నట్టు.

పెనం మీద పల్చటి గొడ్డుమాంసం చుయ్యిమంటుంది.
టమాటా చక్రాలు రెండు, పచ్చిమిర్చి చీలికలు,
వాటిమీద ఉడికిన బీన్స్ గుప్పెడు.
పొలం పనివాడి పేరు పెట్టుకున్న తిండి ఇది.
తినేది మాత్రం రేవు గుమాస్తాలు, ట్రాలీబస్సు డ్రైవర్లు,
పరీక్ష తప్పి ఇంటికి పోలేని పిల్లలు.

ఎరాస్మో పై రొట్టె ఎత్తి చూస్తాడు,
జ్వరం పిల్లాడి దుప్పటి తొలగించినట్టు మెల్లగా.
ఒక ముక్క వేళ్ళతో తీసి దీపానికెదురుగా పెడతాడు.
"అడ్డంగా కోశారు. మళ్ళీ.
ఎదువిహిస్ ఇంట్లో అయితే నిలువు కోత.
కాయకు మూడు పోగులు, దారాల్లాగ."
అని, అంతా తినేస్తాడు.
పళ్ళెంలో చీమకు కూడా ఏం మిగల్చడు.

ఆ గొంతులో తడి చూసి
ఎదువిహిస్ పోయిందనుకున్నాం.
పోలేదట. ఆయన్నొదిలేసి పదకొండేళ్ళు,
బరోన్ కొండమీద అక్కగారింట్లో ఉంటోందట.
చేపలు తెచ్చే యాస్నా చెప్పింది,
మంచుపెట్టె దించుతూ, ఇదేం పెద్ద సంగతన్నట్టు.

నాకు పంతం పట్టుకుంది.
ఒక ఆదివారం కొండెక్కాను, మెట్లు లెక్కపెట్టడం
నూట నలభై దగ్గర మానేసి.

సాయంత్రపు టీకి వాళ్ళు పెట్టుకున్న పేరు "పదకొండు".
తాగేది ఆరున్నరకి.
నాలుగు బుగ్గల మరాకేట రొట్టె,
ఎదువిహిస్ చేత్తోనే ఒక బుగ్గ తుంచి,
ఫోర్కుతో చిదిమిన అవకాడో, ఉప్పు, అంతే,
నా చేతిలో పెట్టింది.
"నాకిష్టమైంది ఇదమ్మా. కత్తితో పని లేదు."
రొట్టె ఇంకా వేడిగా ఉంది. పెచ్చు పటపటమంది.
మా కొట్టులో ముప్పై రెండు రకాలున్నాయి,
ఆ మాట నోట్లోనే మింగేశాను.

బీన్స్ గురించి అడిగాను.
నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.
"నేనా? నిలువుగానా?
సార్డీన్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి
ఉప్పుకు పగిలిన చేతులతో వచ్చేదాన్ని.
కోసింది ఆయనే.
రేడియోలో ఫుట్‌బాల్ పెట్టుకుని,
గోలు పడ్డా తలెత్తకుండా, కాయ తర్వాత కాయ.
నేను ఉడకేశాను. అంతవరకే నా వంట."

కప్పులు కడుగుతుంటే
ఆమె వంటింటి కిటికీలోంచి కింద
మా కొట్టు ఎర్రబోర్డు కనపడింది.
ఏమీ అనలేదు నేను. ఆమే అనలేదు.

గురువారం పళ్ళెం బదులు
పచ్చి బీన్స్ గిన్నె, చిన్న కత్తి పెట్టాను ఎరాస్మో ముందు.
పెనం దగ్గర ఓస్మాన్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.
ముసలాయన చాలాసేపు ముట్టుకోలేదు.
తర్వాత వెలుతురు చాలదని గొణిగి
స్టూలు కిటికీ వైపు తిప్పాడు.

మొదటి కాయ విరిగింది. రెండోది వంకర పోయింది.
మూడోదాన్నుంచి చెయ్యికి జ్ఞాపకం వచ్చింది.
ఒంటిగంట రద్దీ, వెనకాల అయిదుగురు నిలబడ్డారు,
ఒక డ్రైవరు విసుక్కున్నాడు కూడా.
ఆయన పద్నాలుగు కాయలు కోశాడు.

ఆ రోజు పై రొట్టె ఎత్తి చూళ్ళేదు.
సగం తిన్నాడు. మిగతా సగం
కాగితంలో చుట్టమన్నాడు, రెండు పొరలు, వేడి పోకుండా.
ఎవరికని అడిగేంత తెలివితక్కువదాన్ని కాను.

గొడుగు కౌంటరుకే వేలాడుతోంది.
"రేపట్నుంచి నిలువుగా కొయ్యనా?" అన్నాడు ఓస్మాన్.
"అడ్డంగానే కొయ్యి" అన్నాను,
"మనకంత తీరికెక్కడిది?"