తోలుబద్ద

గూడూరు పాతాసుపత్రి స్టోరుగది ఖాళీ చేస్తుంటే
చిల్లుపడ్డ బేసిన్ల కింద దొరికింది.
మోచేతి దగ్గర కాస్త వంగి,
ఎవరో తమ చేతిని లోపలే మర్చిపోయినట్టు.

ముక్కు దగ్గర పెట్టుకుంటే
తంగేడు చెక్క, ఆముదం, ఇంకేదో పాత జ్వరం.
అంచు తిప్పి చూశాను.
రెండు పొట్టివి, ఒక పొడుగు, రెండు పొట్టివి:
ఆ కుట్టు మా ఇంటిది.
జేజి ఆకువక్క సంచికీ అదే,
నా బడిచెప్పులకీ అదే.

దొరసాని డాక్టరు ఓడలో తెప్పించిన బద్దలు
మన చేతులకి వదులయ్యాయట.
మా ముత్తాత జాలయ్యని పిలిపించి
విరిగిన చేతిని కొలవమంది.
తాటాకు చుట్టి కొలిచాడు.
ముట్టుకోకుండా కొలవడం ఆయనకి బాగా అలవాటు.

మొదట తొడిగింది సైదాపురం గనిలో
కాకిబంగారం రేకులు చీల్చే పిల్లకి.
దారం సందుల్లో ఆ పొడి ఇంకా మెరుస్తోంది.
తర్వాత తాటిచెట్టు మీంచి జారిన వాడెవడో.
బొటనవేలి దగ్గర నాలుగు పంటిగాట్లు, పాలపళ్ళవి.
పాత బెజ్జాల పక్కనే కొత్త బెజ్జాలు,
లోపలికి, ఇంకా లోపలికి.
కరువేడు చేతులు సన్నబడ్డాయి. తోలు మాత్రం సాగింది.

గుర్రబ్బండి బోల్తాపడ్డ మునసబు ఒకాయన
తోలుకీ తనకీ మధ్య పట్టుగుడ్డ అస్తరు వేయించుకున్నాడు.
రోహిణి ఎండలు. చెమటకి దురద పుట్టి
మూడోవారం తనే పీకి పారేశాడని
జేజి చెప్పి చెప్పి నవ్వేది.
రెండు పట్టుపోగులు ఇంకా వేలాడుతున్నాయి.

నేనిక్కడ ఎక్స్‌రేలు తీస్తాను.
డ్యూటీ దిగేముందు, ఎవరూ లేకుండా చూసి
దీన్ని బల్లమీద పడుకోబెట్టాను.
ఊపిరి బిగబట్టమని చెప్పబోయి ఆగాను.

తోలు పడలేదు. పల్చటి పొగ, అంతే.
ఇత్తడి రింగులు రెండు వరసలు.
మణికట్టు దగ్గర, కుట్టు లోపల,
వడ్లగింజంత తెల్లటి ముక్క.
విరిగిన ఆరె మొన.

అది విరిగినప్పుడు ఆయన వేలు తెగిందో ఏమో.
కేసుపుస్తకంలో రోగులకి పేర్లున్నాయి, ఊళ్ళున్నాయి,
నయమైన తేదీ కూడా ఉంది.

ఫిలిం కవరు ఖాళీగా ఉంచకూడదు, రూలు.
పేరు: జాలయ్య.
వయసు వదిలేశాను.
ఏ భాగం అన్నచోట పెన్ను కాసేపు ఆగింది.
కుడిచెయ్యి, అని రాశాను.