మూడేండ్ల దారం

పంజా కొట్టుడు ఆపి అడిగిన:
"ఫ్రాంక్‌ఫర్టంటే ఎంత దూరంరా తఖీ?
ఈ జంపఖాన అక్కడికేనట."

నూలు మోసుకొచ్చిన పిలగాడు
నీలం రంగంటిన బొటనవేలితో ఫోన్ గీకి
"ఏడువేల కిలోమీటర్లకు జర తక్కువ, చాచీ.
శంషాబాద్‌ల ఎక్కితే తొమ్మిదింబావు గంటలు" అన్నడు.

తొమ్మిదింబావు.
చాయ్‌లు, అన్నాలు తీసేస్తే
ఈ మగ్గం గుంటల ఒక రోజు కూలి అది.
అంతసేపట్ల ఓదెమ్మక్క, నేను, ఇద్దరం కూసుంటే
నేసేది రెండు జానలు.

చిన్నప్పుడు మామునూరుల రన్‌వే చూసిన.
మేకలు మేసేటివి.
నాకు తెల్సిన విమానమంతా అదే,
సూటిగ పోయి గడ్డిల ఆగిపోయే తొవ్వ.

కొత్తవాడల డీసీఎం పొద్దుగూకంగ కదుల్తది.
జనగామ, ఆలేరు, భువనగిరి దాటి
ఉప్పల్ కాడ చిక్కుకొని
నూటయాభై కిలోమీటర్లకు ఐదు గంటలు.
ఆ తర్వాత ఎడార్లు, కొండలు, ఎన్నో దేశాలు
అన్నీ కలిపి తొమ్మిదేనాయె.
"దూరమెక్కువైతే టైం తగ్గుతదారా?"
ఓదెమ్మక్క కండె జారవిడిచి నవ్వింది.

వాడు ఇంకోటి చెప్పిండు:
రాత్రి రెండింటికి లేచిన విమానం
అక్కడి గడియారంల ఏడుముప్పావుకే దిగుతదట.
నడుమ మూడున్నర గంటలు ఏమైనయంటే
భూమి గుండ్రమన్నడు, పొద్దు అన్నడు, చేతులు తిప్పిండు.
ఉండొచ్చు.
ఈ గుంటల కూసున్నోళ్లకు
అట్ల పోయిన గంటలు చానా ఉన్నయి,
ఏ ఊరి గడియారమూ వాపస్ ఇయ్యలే.

అప్పుడు లేచింది వాని పాలిటెక్నిక్ తెలివి.
జంపఖాన అంచు పట్టుకొని
అంగుళానికెన్ని పోగులో లెక్కబెట్టిండు,
పడుగింత, పేకింత, పెదాలు కదుపుకుంట.
"ఒక్కదాన్ని విప్పి గుంజితే, చాచీ,
ఇక్కణ్ణుంచి హన్మకొండ చౌరస్తా దాక వస్తది.
ఏడాదికి యాభై నేస్తరా?
ఫ్రాంక్‌ఫర్టు చేరాలంటే
ముప్పై ఒక్క ఏండ్లు నెయ్యాలె."

పక్కింటి మగ్గం చప్పుడొక్కటే ఇనబడ్డది.

నేను గుంటల దిగింది
మా గల్లీకి మొదటి నల్లా వచ్చిన ఏడు.
వేళ్ల మీద లెక్కబెట్టి వాడే అన్నడు,
"ముప్పైనాలుగు."

అంటే నేనెప్పుడో చేరిన.
ఎవ్వరూ ఎదురురాలే.
మూడేండ్ల కింద ఏదో పగటీలి
ఆ పట్నం నా పంజా కిందినుంచే దాటిపోయింది.
ఆ రోజు ఏం నేస్తున్ననో, ఎర్రంచు కావొచ్చు.
కరెంటు పోయి, చెమట కండ్లల్ల వడి,
ఒక పోగు తప్పితే తిట్టుకొని విప్పిన రోజు కావొచ్చు.
విప్పితే ఎన్ని అడుగులు ఎనక్కి నడిచినట్టో
అది తఖీ లెక్కల రాలే.

"మరి మిగిలిన మూడేండ్ల దారం
ఎటు పోయిందో గూడ చూడు" అన్న.

వాడు పటాన్ని వేలితో ఎగదోసిండు.
ఊర్లు, నదులు, రైలుపట్టాల గీతలు,
ఆ పైన
అంతా నీలం.
తన వేలి రంగే అంటిందనుకొని
అంగి కొసతోటి అద్దం తుడిచిండు.
పోలే.
ఇంకోసారి తుడిచిండు.

"సముద్రమేమోనే" అన్నది ఓదెమ్మక్క,
"పేక అందుకో, డీసీఎం వచ్చే యాళ్లయింది."