వయా బీచ్

కౌంటర్ అద్దం వెనక ఆయనకి నేనంటే జాలి.
"షేర్ ఆటోలో పదిహేను నిమిషాలమ్మా,
పరంగిమల అదిగో, మేడెక్కితే కనబడుతుంది"
అంటాడు ప్రతి శుక్రవారమూ, తమిళంలో.
నేను తెలుగులో తల ఊపుతాను.

వేళచ్చేరి నుంచి మా ఇంటికి
కాకి లెక్కన మూడు మైళ్ళు.
రైలు లెక్కన
ఉత్తరంగా సముద్రం దాకా పోయి,
బీచ్ స్టేషన్లో దిగి, ఇంకో రైలెక్కి,
అంత దూరమూ మళ్ళీ దక్షిణంగా రావాలి.
ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు.

మధ్యలో స్తంభాలున్నాయి, ఆదంబాక్కం ఇళ్ళ మీదుగా.
ఎవరిదో స్థలం, ఎవరిదో కోర్టు కాగితం.
ఒక స్తంభానికి ఆనుకుని పానీపూరీ బండి వచ్చింది,
బండివాడికి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు,
స్తంభం మీదికి మాత్రం రైలు రాలేదు.

నాది ఇస్త్రీ పని.
పొద్దున ఎనిమిది నుంచీ నిలబడే.
హోటల్ దుప్పట్లు, డాక్టర్ల కోట్లు,
ఎవరెవరివో చొక్కాలు, తెల్లవి, లేత నీలివి.
పెట్టె ఆన్చే ముందు జేబులో వేళ్ళు పెట్టాలి,
మా సేటు నేర్పిన మొదటి పాఠం.
పెన్ను, నాణెం, తలనొప్పి మాత్ర,
ఒకసారి ఎవరి పిల్లదో పాలపన్ను.
ఇంటికెళితే పొయ్యి దగ్గర నిలబడాలి,
కుళాయి దగ్గర నిలబడాలి,
మా అత్త ధనకోటి చెప్పేది వింటూ గుమ్మంలో నిలబడాలి.
వారం మొత్తంలో నేను కూర్చునేది
ఈ గంటా ఇరవై నిమిషాలే,
కిటికీ పక్కన.

తరమణిలో మెడలో కార్డుల పిల్లలు ఎక్కి
ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోతారు.
కోట్టూరుపురం దగ్గర అడయారు, నాలుగు కొంగలు.
మందవెళి దాటాక కాలవ కంపు. ముక్కు మూసుకోను.
తిరుమయిల స్టేషన్
పెళ్ళివాళ్ళు రాని కల్యాణ మండపం.
చేపాక్కం దగ్గర, రెండు మేడల సందులో,
ఒక్క క్షణం సముద్రం,
ఇస్త్రీ చెయ్యని నీలం గుడ్డ.
చేతులు వాటంతటవే చాచుకుంటాయి.
పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంటాను.

ఇంట్లో చెప్పేది ఒకటే: బస్సు రాలేదు.
పాపం ఆ బస్సు,
నా మూలంగా మా అత్త నోట ఎన్ని తిట్లు తిన్నదో.

మా ఆయన కోదండం గిండీలో లేత్ మిషన్ మీద.
గిండీ తరవాతి స్టేషనే మాది. మూడు నిమిషాలు.
బుధవారాలు మాత్రం ఎనిమిదిన్నర దాటుతుంది.
సిగ్నల్ పడలేదంటాడు.

ఒక గురువారం, ఉతకబోతూ,
అలవాటు కొద్దీ ఆయన జేబులో వేళ్ళు పెట్టాను.
బీడీ పొడి. ఒక నట్టు. నాలుగు మడతల టికెట్:
గిండీ నుంచి బీచ్, రానూ పోనూ.

బీచ్‌లో ఆయనకి ఎవరున్నారు?
బకెట్ నిండి పొర్లింది.
మొదట ఒక ఆడమనిషిని ఊహించాను, మల్లెపూలతో సహా.
టికెట్ తిప్పితే వెనకాల పెన్సిల్ గీతలు:
హార్బరు క్రేను, దాని కొన మీద కాకి,
కాకికి కాళ్ళు మూడు పడ్డాయి.
అప్పుడు గుర్తొచ్చాయి
రాత్రిళ్ళు ఆయన కొబ్బరినూనె రాసుకునే
రెండు మోకాళ్ళూ.
అదే మడతల్లో మడిచి
ఆయన ప్యాంటు జేబులో పెట్టేశాను.

మొన్న స్తంభాల మీదికి మనుషులెక్కారు, పసుపు టోపీలతో.
వంతెన కలిసిపోతుందట. ఏడు నిమిషాలట.
"ఇంక మీ కష్టం తీరిందమ్మా" అన్నాడు కౌంటర్ ఆయన,
నాకంటే ఎక్కువ సంబరపడి.
"అప్పుడు కూడా వయా బీచ్ టికెట్ ఇస్తారా?" అనడిగాను.
కళ్ళద్దాలు తీసి చూశాడు.
నా వెనక లైను కదలమంటోంది.

ఆదివారం, ఉల్లిపాయలు తరుగుతూ,
నా వైపు చూడకుండా కోదండం అన్నాడు:
"శుక్రవారాలు బస్సులు మరీ అన్యాయం కదా."
"ఊఁ. బుధవారాలు సిగ్నళ్ళు కూడా."
లోపల్నుంచి ధనకోటి
రెండింటినీ కలిపి తిట్టింది.