పదకొండో అట్ట

ఇక్కడి పిల్లలు నన్ను బాయి అంటారు.
మరాఠీలో అది పంతులమ్మ.
వాళ్ల నాన్నలు పొద్దున్నే టిఫిన్ గిన్నెతో
వెళ్లేదీ బాయికే.
ఘుగ్గూస్‌లో ఒక బాయి తిండి పెడుతుంది,
ఒక బాయి ఎక్కాలు చెబుతుంది.

జనవరి. ఏడున్నర.
ఏడో తరగతిని గోడల్లోంచి బయటికి తెచ్చి
రైల్వే సైడింగ్ పక్క మైదానంలో నిలబెట్టాను.
పుస్తకంలో గాలికి రంగు లేదు, రుచి లేదు.
తేజస్ వాఘాడే నాలుక చాపి చూసి
"ఉంది బాయి" అన్నాడు,
"పలక తుడిచిన గుడ్డ రుచి."

మరాఠీలో గాలిని హవా అంటారు.
మన హవా వేరు,
ఎవడిది నడుస్తుంటే వాడిది.
ఈ ఊళ్లో రెండర్థాలూ ఒకటేనని
పిల్లలకు చెప్పలేదు.
జీతం మీద బతికేదాన్ని.

పద్నాలుగు తెల్ల అట్టలు,
పాత పెళ్లిపత్రికల వెనక వైపు.
పల్చగా వాజిలిన్ పూసి, దారం కట్టి,
నంబరు వేసి, కింద ఇంటిపేరు రాసి
ఎవరి వాకిట్లో వాళ్లు వేలాడదీశారు
ఆరు రోజులు.
దుమ్మెత్తి పోయడం కాదర్రా, అన్నాను,
దుమ్మును కూర్చోబెట్టి లెక్కపెట్టడం.

సోమవారం అన్నీ నేలమీద పరిచాం,
ఎగిరిపోకుండా మూలకో బొగ్గు పెళ్ల.
భూతద్దం ఒక్కటే. వంతుల కోసం రెండు తగాదాలు.
నిఖిల్ ఆత్రం ఒక్క గడిలో
నూట పన్నెండు దాకా లెక్కపెట్టి
కళ్లు నులుముకుని
మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాడు.
సిమెంటు వైపు ఇళ్లవి బూడిద రంగు.
డంపర్ల రోడ్డువి నలుపు.
వార్ధా ఒడ్డువి రెండు గోధుమ రంగు,
ఒకదాని మీద దోమ కూడా.

పదకొండోది తెల్లగా ఉంది.

సైడింగ్‌కి మూడో ఇల్లు అది.
దుర్గం లావణ్య వాళ్లది.
"ఎక్కడ కట్టావు?"
"వాకిట్లనే."
"ఎన్ని రోజులు?"
"ఆరు."
తరగతి నవ్వింది. నేనూ కోప్పడబోయాను.
చున్నీ కొస మెలిపెడుతూ చెప్పింది:
"రోజూ పొద్దుమూకి అమ్మ తుడిసింది బాయి.
ఇంటిపేరు రాసి ఉన్నది గద,
మన పేరు మీద మసి ఉంటే
బడిల ఏమనుకుంటరని.
మళ్ల వాజిలిన్ గూడ పూసింది.
చేతుల పగుళ్లకు కొనుక్కున్న డబ్బాలది."

"తుడిచిన గుడ్డ ఉందా?"

ఉరికి తెచ్చింది.
ఓదేలు పాత బనీను ముక్క,
మిగతా పదమూడింటికంటే నల్లగా.
పదకొండో అంకె మీద పరిచాం.
భూతద్దం ఎవరూ అడగలేదు.

తర్వాత వేడి పాఠం చెప్పాలి.
పెళ్ల ఒకటి చేతిలోకి తీసుకున్నాను.
ఇది ఒకప్పటి అడవి,
అప్పుడు తాగిన ఎండ ఇంకా లోపలే ఉంది,
కాల్చితే పొగ పైకెళ్లి దుప్పటిలా పరుచుకుంటుంది,
కింద మనకు ఉక్క.
నిఖిల్ చెయ్యెత్తాడు.
"ఇప్పపువ్వు ముందే రాలుతున్నదని
మా తాత అడవిని తిడతడు బాయి.
తప్పు అడవిది కాదా మరి?"
"ఏ అడవిది?" వెనకనుంచి ఎవరో.
"ఇప్పటిదా, బొగ్గయినదా?"
నా దగ్గర జవాబు లేదు.
అటు తిరిగి ఏదో రాస్తున్నట్టు నటించడానికి
బయట నల్లబల్ల కూడా లేదు.

పట్టికలో పదకొండు ఎదురుగా
మచ్చల సంఖ్య గడి ఖాళీగా ఉంచి
పక్కన చిన్న అక్షరాలతో రాశాను:
తుడిచినవారు, దుర్గం రాజేశ్వరి. ఆరుసార్లు.

రెండింటికి బ్లాస్టింగ్.
మైదానం ఒకసారి ఉలిక్కిపడి సర్దుకుంది,
పిల్లలు తలెత్తనైనా లేదు.
వచ్చే వారానికి కొత్త అట్టలు పంచుతుంటే
లావణ్య బనీను ముక్క మడిచి సంచిలో పెట్టుకుంది,
ఇంట్లో పనికొస్తుందట.
అట్ట అందుకుంటూ మెల్లగా అంది:
"ఈసారి ఇంటిపేరు వద్దు బాయి.
నంబరెయ్యిండ్రి, సాలు."