మూడో పేరా

రాత్రి పదకొండున్నరకి,
ట్రంకురోడ్డు మీద ఆఖరి సిటీబస్సు పోయాక
సంపాదకీయం నా బల్ల మీదికొస్తుంది,
ప్రింటరు వేడి ఇంకా ఆరకుండా.

నా పని అక్షరాలు.
అభివృద్ధిలో ద కింద ధ వత్తు పెట్టడం.
పంతొమ్మిదేళ్లుగా పెడుతున్నాను,
ఒక్కరోజూ అది తనంతట తాను సరిగ్గా రాలేదు.
అర్థం నాది కాదు.
అర్థం పై అంతస్తులో
చక్కెర లేని కాఫీ తాగుతూ ఉంటుంది.

పార్థసారథి గారు అబద్ధం రాయరు.
చిక్కంతా అక్కడే.
మొదటి పేరాలో మన బాధ మనకే చెబుతారు:
డిగ్రీ చదివిన పిల్లలు
చెన్నై హోటళ్లలో టేబుళ్లు తుడవడం,
కావలి దాటితే ఉద్యోగమన్న మాటే వినపడకపోవడం.
తల ఊపుతాం. ఊపక ఏం చేస్తాం, నిజమే కదా.
రెండో పేరాలో ఒక సామెత,
గోరుచుట్టు మీద రోకటిపోటు.
సామెతతో ఎవరు వాదిస్తారు?
అవ్వ నోట్లోంచి వచ్చిన మాట,
పంచలో కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాం.
దాని వెనకాలే, చెప్పులు విప్పకుండా,
లోపలికొస్తుంది మూడో పేరా.

"మనం ఆలోచించుకోవాలి" అంటుంది.
ఎవరా మనం అని అడిగే లోపలే
మనల్ని కలిపేసుకుంటుంది.
"కొందరు" అనేవాళ్లు ఆ పేరాలోనే పుడతారు.
కొందరు అడ్డుపడుతున్నారు.
కొందరికి ఊరుండదు, ఇంటిపేరుండదు,
తిరిగి జవాబు రాసే చిరునామా ఉండదు.

ఆ రాత్రి కాయితంలోకి
మా దొరువుపాళెం ఉప్పు కయ్యలొచ్చాయి.
పేరుతో కాదు.
"తీరం వెంట ఏళ్ల తరబడి
నిరుపయోగంగా పడి ఉన్న భూమి" అని.

నిరుపయోగంలో తప్పు లేదు.
నాలుగుసార్లు చూశాను.
ఐదక్షరాలూ నున్నగా ఉన్నాయి,
మా అమ్మ వెంగమ్మ మడమల్లా
ఒక్క పగులైనా లేకుండా.
తెల్లారుజామున మూడింటికి లేచి
చెక్కపలకతో ఆమె లాగిన ఉప్పు
ఆయన పెరుగన్నంలో కూడా ఉండే ఉంటుంది.

ఎర్రకలం మూత తీశాను.
అక్షరదోషమైతే సున్నా చుట్టి
పక్కన మార్జిన్లో సరైనది రాస్తాను.
దీని పక్కన ఏం రాయాలి?
"అమ్మ" అనా?

సంతకం పెట్టి కిందికి పంపాను.
దాచడం ఎందుకు,
మూడో పేరా చివరికొచ్చేసరికి
నేనూ తల ఊపుతున్నాను.
ఫ్యాక్టరీ వస్తే మంచిదేగా,
తమ్ముడికి వాచ్‌మన్ పనన్నా దొరకదా.
అంత బాగా రాశారాయన.

ఆదివారం ఊరికెళ్లి చదివి వినిపించాను.
సముద్రం పక్క మబ్బు పట్టింది.
అమ్మ ఉప్పుకుప్ప మీద తాటాకులు కప్పుతోంది.
చేతులాపి విన్నది.
సామెత దగ్గర నవ్వింది.
"మనం" దగ్గర కొంగు సర్దుకుంది,
ఎవరో పెద్దమనిషి తననే పిలిచినట్టు.
అయిపోయాక,
"బాగా రాసినాడబ్బయా," అంది.
"పాడుబడిన నేలని పట్టుకోని
ఏం జేసుకుంటారంట ఆళ్లు?
ఇంతకీ ఇది యా ఊరి సంగతి?"

పేపరు మడిచాను.
మళ్లీ విప్పాను.
బకింగ్‌హాం కాలువ అవతల
ఎవరిదో పడవ మోటారు
పట్టుకోనని మొరాయిస్తోంది.

"మనదేనే" అనబోయాను.
ఆ మాట కోసం నోరు తెరిస్తే
చక్కెర లేని కాఫీ చేదు తగిలింది.

"యాడ జూస్తండావు,
ఆ కొస పట్టుకో" అంది అమ్మ,
గాలికి లేస్తున్న తాటాకుని మోకాలితో నొక్కిపెట్టి.

పట్టుకున్నాను.